మూడు గంటల పెళ్లి... ఒక్క ఫైల్లో!

పెళ్లి వీడియో నిడివి మూడు గంటలు. పెన్‌డ్రైవ్ చూస్తే 32 జీబీ. అయినా కాపీ కాదు! అది ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉంటే ఒక్కో ఫైలు 4 జీబీకి లోపే ఉండాలి మరి. ఫార్మాట్ మారుద్దామంటే కొన్ని పాత టీవీలు చదవవు. ముక్కలు చేస్తే సరిగ్గా తాళి కట్టేచోటే తెగొచ్చు. అందుకే బిట్‌రేట్ ముందుగా లెక్కేసుకోవాలి.

పది వరుసల ప్రోగ్రామ్ చాలు. ఫైలు సైజును బైట్లలో తీసుకుని 8తో గుణిస్తే బిట్లు. దాన్ని 10,800 సెకన్లతో భాగిస్తే సెకనుకు దాదాపు 3,181 కిలోబిట్లు. అందులో ఆడియోకి 192, ఫైలు సొంత ఖర్చులకు రెండు శాతం తీసేస్తే బొమ్మకు మిగిలేది 2,925. లెక్క తిరగేస్తే నిడివి వస్తుంది. మొత్తం 8,000 కిలోబిట్లు ఉండాల్సిందేనని పట్టుబడితే 71 నిమిషాలే పడుతుంది. అప్పటికి అప్పగింతలు అయ్యేనా!

కొత్తవాళ్లు బోల్తాపడేది గుణకారం దగ్గరే. జావాలో 4ని మూడుసార్లు 1024తో గుణించమంటే వచ్చే జవాబు... సున్నా! మామూలు 'ఇంట్' 32 బిట్లదే కాబట్టి ఆ సంఖ్య అందులో పట్టదు. తప్పు జరిగిందని ప్రోగ్రామ్ చెప్పదు కూడా. జవాబు దాచుకునేచోట 'లాంగ్' అని రాసినా లాభం లేదు, గుణకారం అప్పటికే అయిపోతుంది. మొదటి 4 పక్కనే 'ఎల్' అక్షరం చేర్చాలి.