ఏది సహజమైన చూపు?

కోల్‌కతా నగరమున హుగ్లీ నది యొడ్డునగల మెటియాబ్రుజ్ దర్జీల పేట. అచ్చట సూదికి దారమెక్కించు వృద్ధుని కండ్లకు లోపము లేదని ఇంటివారు తలతురు. నీటికాసుల వ్యాధి మధ్యచూపును చాలకాలము విడిచి, ప్రక్కచూపును మెల్లగా హరించును. పోయిన చూపు తిరిగి రాదు.

ప్రక్కచూపును కొలుచునది దృష్టిక్షేత్ర పరీక్ష. ఎదుటి బిందువును కదలక చూచుచు, చుట్టును మెరయు వెలుగుచుక్కలను గుర్తింపవలెను. ఎంత మసకచుక్కను గుర్తించిన సహజమనవలెను? ఈ శక్తి వయస్సుతో తగ్గును. అంచులయందు ఆరోగ్యవంతులలోనే తేడాలు మెండు. సగటు ఒక్కటి చాలదు. ఆరోగ్యవంతులలో నూటికి అయిదుగురు మాత్రమే ఏ మట్టమునకు దిగువ నుందురో, ప్రతి వయస్సునకును ప్రతి స్థానమునకును వేరుగా లెక్కింపవలెను. స్వీడను దేశమున హెయిల్, ఆయన సహచరులు 1987లో చూపిన మార్గమిదియే.

అయినను 52 స్థానములను పరీక్షించునపుడు మంచి కంటిలోనే రెండు మూడు ఈ గీటునకు దిగువ పడవచ్చును. విడివిడి మచ్చలకు భయపడరాదు; ఒకచోట గుమిగూడి, మరల పరీక్షించినను నిలిచినవే అనుమానింపదగినవి.

ఇంతకు ఆ గీటు ఎవరి కండ్లతో గీయబడినది? యువకులనే, పరీక్షకు అలవాటుపడినవారినే ఎన్నుకొనినచో ప్రమాణము బిగుసుకొని, ముసలి దర్జీ అకారణముగా రోగి యగును. శుక్లము ముదిరినవారిని చేర్చినచో ప్రమాణము సడలి, నిజమైన రోగి తప్పిపోవును. ఈ రెండవ తప్పే ఘోరము. గణాంకవేత్తల కొరత యిచ్చట లేదు. మహలనోబిస్ 1931లో స్థాపించిన భారత గణాంక సంస్థ ఈ నగరముననే కలదు. వాల్తేరులో చదివిన సి. ఆర్. రావు 1941లో చేరినదియు అందులోనే. దర్జీలను, వారి ఇంటి స్త్రీలను, 60 ఏండ్లు దాటినవారిని పరీక్షకు పిలిచి, ఒకటికి రెండుమార్లు కొలుచుటయే కావలసినది.