బార్ట్ అల్లరోడే, మొద్దు కాదు

‘ద సింప్సన్స్’ చూసేవాళ్లంతా లీసా పార్టీ. మేం బార్ట్ పార్టీ. 1989 నుంచి వాడికి పదేళ్లే, అల్లరీ తగ్గలేదు! అందుకే చదువు రాదని అందరూ ముందే తేల్చేశారు. 1990లో వచ్చిన ‘బార్ట్ గెట్స్ యాన్ ఎఫ్’ ఎపిసోడ్ చూడండి. ఫెయిలైతే నాలుగో తరగతి మళ్లీ చదవాలి. మంచు పడి బడికి సెలవిస్తే ఊరంతా బయట ఆడుకుంటుంది, వీడు లోపల కూర్చొని చదువుతాడు. అయినా ఒక్క మార్కు తక్కువ. 1754లో కోట అప్పగించిన వాషింగ్టన్ బాధ ఇప్పుడు తెలిసిందని ఏడుస్తాడు. చదివింది వీడికి ఎక్కిందని టీచర్‌కి అప్పుడు అర్థమై, ఆ మార్కు వేస్తుంది.

మన హాస్టళ్లలో ‘అల్లరోడు’ అని పేరు పడ్డ తమ్ముళ్లని, ఏడ్చేదాకా ఆగకుండా, నీకేం తెలుసురా అని ఎవరడుగుతున్నారు? స్టడీ అవర్‌లో సీనియర్లం మనమైనా అడుగుదాం.