పెట్టెలో కొత్త విత్తనం

ఇంట్లో క్షణం తీరిక లేకుండా పనిచేసే వస్తువు ఏది? ఫ్రిజ్జు అంటారా? అదీ మధ్యమధ్యలో ఆగి ఊపిరి పీల్చుకుంటుంది. టీవీ వెనకో, మెట్ల గోడకో వేలాడుతూ పచ్చదీపాలు మిణుకుమిణుకుమనే వైఫై రూటరు మాత్రం కరెంటు పోతే తప్ప ఆగదు. కొన్న కొత్తలో దాన్ని అపురూపంగా చూసుకుంటాం. ఆ తర్వాత నెట్టు రానప్పుడే దాని మొహం చూస్తాం. స్విచ్చు ఆపి, పది లెక్కపెట్టి, మళ్లీ వేస్తాం. వచ్చిందా, ఇక మరచిపోతాం.

నిజానికి అదో బుల్లి కంప్యూటరు. ప్రాసెసరు ఉంది, మెమరీ ఉంది, ఆపరేటింగ్ సిస్టమ్ ఉంది. చాలా రూటర్లలో ఆ సిస్టమ్ లినక్సే. దాని గుండెకాయ పేరు కెర్నెల్. మెమరీలో ఎవరికెంత చోటు, ఏ చిప్పు ఎప్పుడు పనిచేయాలి, ఏ తీగలోంచి వచ్చిన సమాచారం ఎటు పోవాలి... ఈ పెత్తనమంతా కెర్నెల్‌దే.

మన వైపు ఇంటింటికీ ఇలాంటి పెట్టెలు రావడానికి ఫైబరు కూడా ఓ కారణం. రాష్ట్ర ప్రభుత్వ ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. కరెంటు స్తంభాల మీదుగానే తీగ లాగారు. మరుసటి ఏడాది అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు శ్రీకాకుళం జిల్లాలో స్తంభాలు వేలాదిగా నేలకొరిగాయి. తెగిన తీగ అందరికీ కనిపిస్తుంది. కనుక ఎవరో ఒకరు వచ్చి కడతారు. కెర్నెల్‌లో కన్నం పడితే మాత్రం కంటికి కనిపించదు. నెట్టు మామూలుగానే వస్తుంటుంది. మరి దాన్నెవరు పూడుస్తారు?

కంపెనీ పూడుస్తుంది అనుకుంటాం. కొన్నాళ్లు పూడుస్తుంది కూడా. కొత్త మోడళ్లు వచ్చాక పాతవాటికి అప్‌డేట్లు ఆపేస్తుంది. డబ్బా ఆగదు, మరమ్మతు ఆగుతుంది. 2018 మేలో ‘వీపీఎన్‌ఫిల్టర్’ అనే దొంగ ప్రోగ్రాము సంగతిని సిస్కో కంపెనీ భద్రతా విభాగం టాలోస్ బయటపెట్టింది. కనీసం 54 దేశాల్లో 5 లక్షలకు తక్కువ కాకుండా రూటర్లు, అలాంటి ఇతర పరికరాల్లోకి అది దూరిందని లెక్కకట్టింది. వాటిలో చాలావరకు అప్పటికే లోకానికి తెలిసిన కన్నాలున్నవే! చివరికి అమెరికా ఎఫ్‌బీఐ కూడా ‘మీ రూటర్లను ఒకసారి ఆపి మళ్లీ వేయండి’ అని జనాన్ని కోరింది.

నీలం డబ్బా చలవ

కంపెనీ వదిలేసిన డబ్బాను జనమే బాగుచేసుకుంటే? ఆ దారి తెరుచుకున్న వైనం చిత్రంగా ఉంటుంది. 2002 చివర్లో లింక్‌సిస్ కంపెనీ డబ్ల్యూఆర్‌టీ54జీ అనే నీలం రూటరును తెచ్చింది. 2003లో ఆ కంపెనీని సిస్కో కొంది. అదే ఏడాది ఆ డబ్బాలో ఉన్నది లినక్సేనని ప్రోగ్రామర్లు పసిగట్టారు. లినక్స్‌కు జీపీఎల్ అనే లైసెన్సు ఉంది. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. వస్తువులో పెట్టి అమ్మితే మాత్రం దాని సోర్సు కోడ్‌ను జనానికి ఇచ్చితీరాలి. ‘మరి ఆ కోడ్ ఏదీ?’ అని నిలదీశారు. 2003లోనే కంపెనీ దాన్ని విడుదల చేయాల్సి వచ్చింది.

ఆ కోడ్ ఆధారంగా 2004 జనవరిలో ‘ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ’ మొదలైంది. పేరు చివర ఉన్న మూడక్షరాలూ ఆ నీలం డబ్బా ఇచ్చినవే. రూటరులో కంపెనీ పెట్టిన సాఫ్ట్‌వేరును తీసేసి దీన్ని ఎక్కించుకోవచ్చు. రాసేవాళ్లు, సరిదిద్దేవాళ్లు, పరీక్షించేవాళ్లు ప్రపంచమంతటా ఉన్నారు. ఎక్కువమంది స్వచ్ఛందంగా చేసేవాళ్లే. 2025 ఫిబ్రవరిలో వచ్చిన 24.10 వెర్షను 1,900కు పైగా రకాల పరికరాల మీద నడుస్తుంది.

లినక్స్ కెర్నెల్ మాత్రం ఓ చోట నిలవదు. 9, 10 వారాలకో కొత్త వెర్షను వస్తుంది. మొదటి రెండు వారాలూ మార్పులు చేర్చుకుంటారు. ఆ తర్వాత సాధారణంగా ప్రతి ఆదివారం లైనస్ తోర్వాల్డ్స్ ఓ పరీక్ష ప్రతిని విడుదల చేస్తారు. మనకు ఆదివారం అనుబంధం ఎలాగో, కెర్నెల్ రాసేవాళ్లకు అది అలాగన్నమాట! ఏడెనిమిది ప్రతులయ్యాక అసలుది వస్తుంది. ఏడాదికి ఒకదాన్ని ఎంచి దానికి మాత్రం కొన్నేళ్లపాటు మరమ్మతులు చేస్తారు.

ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వాడేది ఆ దీర్ఘకాలపు రకాన్నే. 2020 జనవరిలో వచ్చిన 19.07లో కెర్నెల్ 4.14 ఉండేది. 2021లో వచ్చిన 21.02లో 5.4, తర్వాత 5.10, ఆపైన 5.15, 24.10కి వచ్చేసరికి 6.6 అయింది. 4.14 కెర్నెల్‌కు మరమ్మతులు 2024 జనవరితో ఆగిపోయాయి. కాబట్టి గుండెకాయ మార్పిడి తప్పదు. అది కుదురుకుందో లేదో ఎవరు చూడాలన్నదే అసలు ప్రశ్న.

రాగోలు చెప్పే పాఠం

దీనికి జవాబు మన రైతులకు ఎప్పుడో తెలుసు. శ్రీకాకుళం పక్కనే ఉన్న రాగోలు వ్యవసాయ పరిశోధన స్థానం గురించి వరి రైతులకు చెప్పక్కర్లేదు. శ్రీకాకుళం సన్నాలుగా పేరుపడ్డ ఆర్‌జీఎల్ 2537 అక్కడిదే. పరిశోధన స్థానం మడిలో బాగా పండిందని కొత్త వంగడాన్ని వెంటనే విడుదల చేసేయరు. ముందు చిన్న సంచుల్లో విత్తనం పెట్టి రైతులకిస్తారు. అదే మినీకిట్. ఒకరిది వంశధార కాలువ కింది పొలం, ఇంకొకరిది వానమీద ఆధారపడ్డ మెట్ట, మరొకరిది నీరు నిలిచే పల్లం. ఒక చోట విరగకాసింది ఇంకో చోట దోమకు లొంగిపోవచ్చు. ఎవరి మడిలో ఏమైందో రైతే చెప్పాలి.

కెర్నెల్ పరీక్షా అచ్చంగా ఇంతే. ఇక్కడ పొలం అంటే రూటరు మోడల్. టీపీ-లింక్ డబ్ల్యూఆర్841ఎన్ అనే రూటరునే తీసుకోండి. మన ఊళ్లలోనూ బాగా అమ్ముడైన రకమే. పేరు ఒకటే అయినా ఏళ్ల తరబడి 14 రకాలు మారింది. 11వ రకంలో ఒక కంపెనీ చిప్పు, 13లో ఇంకో కంపెనీ చిప్పు. పేరు చూసి ఒకటే అనుకుంటే పొరపాటే. నేల వేరు! ఏ ప్రోగ్రామరు ఇంట్లోనూ 1,900 రకాల డబ్బాలుండవు. తన దగ్గరున్న పదింటి మీద చూసుకుని ‘మిగతావి మీరు చూడండి’ అంటాడు. ఆ మిగతావి ఎవరి చేతిలో ఉంటే వాళ్లే పరీక్షకులు.

పద్ధతి కూడా మినీకిట్‌లాగే జాగ్రత్తగా ఉంటుంది. ఒక్కో చిప్పు కుటుంబానికి పాత కెర్నెల్‌ను అలాగే ఉంచి, పక్కనే కొత్తదాన్ని ‘పరీక్ష కెర్నెల్’గా పెడతారు. కావాలని ఎంచుకున్నవాళ్లకే అది వస్తుంది. వాళ్లంతా బాగుందన్నాక పాతదాన్ని తీసి కొత్తదాన్ని అందరికీ ఇస్తారు.

ఏం చూడాలి?

పరీక్షంటే ‘నెట్టు వస్తోందా బాబూ?’ ‘ఆఁ, వస్తోంది’ అనుకోవడం కాదు. డబ్బా మొదలైందా? వెనకున్న ప్రతి పోర్టులోనూ తీగ పెడితే పలుకుతోందా? వైఫై 2.4, 5 గిగాహెర్ట్‌జ్ రెండూ వస్తున్నాయా? దీపాలు, బటన్లు సరిగ్గా ఉన్నాయా? పాత సెట్టింగులు నిలిచాయా? వారం రోజులు ఆపకుండా నడిపితే మెమరీ తరిగిపోతోందా? ఇవన్నీ చూసి, మోడల్, రకం, వెర్షను, డబ్బా మొదలయ్యేటప్పుడు అది రాసుకునే లాగ్ కలిపి పంపాలి. ‘పనిచేయలేదు’ అన్న ఒక్క ముక్క ఎవరికీ ఉపయోగపడదు. ఏ పని, ఎప్పుడు, ఏం చేస్తే ఆగిందో చెబితే బంగారం.

పాత కెర్నెల్‌లో బాగున్నది కొత్తదాంట్లో చెడిందనుకోండి. రెండింటి మధ్యా జరిగిన మార్పులు వేలల్లో ఉంటాయి. తప్పు ఎక్కడుందో వెతకడమెలా? మన లైన్‌మన్ దారే! ఫీడరు మీద ఎక్కడో లోపముంటే అతను స్తంభాలన్నీ ఎక్కడు. మధ్యలో స్విచ్చు తీసి, ఇవతలి సగం నిలబడుతుందో లేదో చూస్తాడు. నిలబడితే లోపం అవతల ఉన్నట్టు. ఆ సగాన్ని మళ్లీ సగం చేస్తాడు. ప్రోగ్రామర్లూ అలాగే సగం మార్పుల దగ్గర ఆగి పరీక్షిస్తారు. వెయ్యి మార్పుల్లో తప్పుడుదాన్ని పట్టడానికి 10 పరీక్షలు చాలు. 16 వేలయినా 14 చాలు. ఆ డబ్బా దగ్గరున్న మనిషికి ఓ సాయంత్రం ఓపిక ఉంటే తేలిపోయే పని. కానీ డబ్బా దగ్గరుండాలి!

ఇటుకైపోతే...

భయం ఉండాల్సిందే. ఎక్కించే మధ్యలో కరెంటు పోతేనో, తప్పుడు రకం ఎక్కిస్తేనో డబ్బా ఉలకదు, పలకదు. ‘ఇటుకైపోయింది’ అంటారు ప్రపంచమంతటా. అందుకే ఇంటికి ఆధారమైన ఒకే ఒక్క రూటరు మీద ప్రయోగాలొద్దు. పిల్లల ఆన్‌లైన్ పరీక్ష ఆగితే ఇంట్లో మీకు పెద్ద పరీక్షే. పక్కన పడేసిన పాత డబ్బాతో మొదలుపెట్టండి. కంపెనీ వాళ్లు నెలవారీ కనెక్షనుతో ఇచ్చిన ఫైబరు పెట్టె జోలికీ పోవద్దు. అది వాళ్ల సొత్తు, తాళాలు కూడా వాళ్లవే. దాని వెనక మీ సొంత రూటరు పెట్టుకోవచ్చు.

చాలా ఇటుకలకు ప్రాణం పోయవచ్చు కూడా. కొన్నింటిలో కంప్యూటరు నుంచి తీగ ద్వారా సాఫ్ట్‌వేరు పంపే దారి ఉంటుంది. లేదంటే మూత విప్పి సర్క్యూటు బోర్డు మీద మూడు తీగలు అతికించి లోపలి మాట వినాలి. టంకం పెట్టడం వచ్చిన సెల్‌ఫోన్ రిపేరు కుర్రాడికి ఇదో లెక్క కాదు. 2024 చివర్లో వచ్చిన ‘ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వన్’ అనే రూటరులో ఈ బెడదకు ముందే విరుగుడు పెట్టారు. అందులో రెండు వేర్వేరు ఫ్లాష్ చిప్పులుంటాయి. ఒకటి పాడైతే స్విచ్చు జరిపి రెండోదాంతో లేపొచ్చు.

అడిగేవాళ్లు లేకపోతే

పరీక్షించేవాళ్లు లేని డబ్బా గతేమిటి? జాబితాలోంచి జారిపోతుంది. ఏఆర్71ఎక్స్ఎక్స్ అనే చిప్పు కుటుంబం కోడ్ పాతబడింది. 19.07 వెర్షనుతో దాన్ని ఆపేసి, ఏటీహెచ్79 అనే కొత్త గూటికి మార్చారు. మోడల్ మోడల్‌నూ ఎవరో ఒకరు పట్టుకుని మార్చాలి, తన డబ్బా మీద పరీక్షించాలి. పట్టించుకునే మనిషి దొరికిన మోడళ్లు గట్టెక్కాయి. దొరకనివి ఆగిపోయాయి.

అన్నింటినీ కాపాడలేరన్నదీ నిజమే. కెర్నెల్ ఏటేటా లావెక్కుతోంది. 4 మెగాబైట్ల ఫ్లాష్, 32 మెగాబైట్ల మెమరీ ఉన్న చిన్న డబ్బాల్లో ఇక పట్టదు. 21.02 నుంచి కనీసం 8, 64 ఉండాలన్నారు. తాతల నాటి ట్రంకుపెట్టెలో ఇప్పటి పరుపు దూర్చమంటే ఎలా? కానీ చోటుండి కూడా అడిగేవాళ్లు లేక పోయిన డబ్బాల గురించే బాధ. మంచి ప్రాసెసరు, మంచి యాంటెన్నాలు, చెత్త కుప్పలో!

ఇక మన మాట. రాజాం, టెక్కలి, విజయనగరం ఇంజినీరింగు కాలేజీల్లోనూ, ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీలోనూ ఏటా వందల ప్రాజెక్టు రిపోర్టులు బైండు చేయిస్తారు. అట్ట మీద బంగారు అక్షరాలు, లోపల నిరుటి సీనియర్ల ప్రాజెక్టే! దాని బదులు నలుగురు కలిసి ఓ పాత రూటరు పట్టుకోవచ్చు. కొత్త కెర్నెల్ ఎక్కించి, ఓ నెల నడిపి, చూసింది చూసినట్టు రాయొచ్చు. మే నెల ఎండలో రేకుల గదిలో పెట్టిన డబ్బా, రోజుకు నాలుగుసార్లు కరెంటు పోయి వచ్చే ఊళ్లో ఉన్న డబ్బా ఎలా నడిచిందో చెప్పగలిగేది మనమే. చలిదేశంలో, కరెంటు పోవడమే తెలియని గదిలో కూర్చున్న ప్రోగ్రామరుకు అది తెలిసే దారి లేదు. మెట్ట పొలం సంగతి మెట్ట రైతే చెప్పాలి కదా.

దీనికి జీతం రాదు. పరీక్షించి చెప్పినవాళ్ల పేరును ఆ మార్పు పక్కనే ‘టెస్టెడ్ బై’ అని కోడ్ చరిత్రలో రాసే ఆనవాయితీ మాత్రం ఉంది. ఆ కోడ్ ఎన్ని దేశాలు తిరిగినా ఆ పేరు దాంతోపాటే తిరుగుతుంది. బైండు చేసిన రిపోర్టు బీరువా దాటదు.

విత్తనం విడుదలయ్యాక ‘మా నేలకు సరిపడలేదు’ అని వాపోయి లాభం లేదు. మినీకిట్ పంచేటప్పుడే చేయి చాచాలి. ఈ పూట వీలైతే అటక మీది పాత రూటరును దించండి. తిరగేసి అడుగున అంటించిన చీటీ చదవండి. మోడల్ పేరు, దాని పక్కనే చిన్న అక్షరాల్లో రకం సంఖ్య ఉంటాయి. మీ పొలం సర్వే నంబరు అదే.