సంచిలో రెండో లెన్సు

'లారెన్స్ ఆఫ్ అరేబియా'లో ఒమర్ షరీఫ్ ప్రవేశం గుర్తుందా? ఎడారి ఎండమావిలో ముందొక చుక్క, తర్వాత ఒక నీడ, ఆ తర్వాత ఒంటె మీద మనిషి! 1962 నాటి ఆ షాటుకు ఛాయాగ్రాహకుడు ఫ్రెడ్డీ యంగ్ వాడింది 482 ఎం.ఎం. లెన్సు. అది చూసొచ్చిన కుర్రాళ్లు కెమెరా కొనగానే అడిగేది ఒకటే... "సార్, బారెడు లెన్సు ఏది కొనమంటారు?"

కాస్త ఆగండి తమ్ముళ్లూ! బారెడు లెన్సంటే కిలోన్నర బరువు గూడా. దుప్పటి, నీళ్ల సీసా, రెండు జతల బట్టలు వీపున వేసుకుని బస్సు దిగి నడిచే జాతి మనది. కెమెరాతో వచ్చిన 18-55 ఎలాగూ ఉంది. అది చెయ్యలేని పనేదో చూసుకుని రెండోది కొనాలి గాని, పక్కవాడి మెడలో వేలాడేది చూసి కాదు.

మా నెల్లూరు తీరానికి రండి, సంగతి తేలిపోతుంది.

మైపాడులో తెల్లవారకముందే పడవలు ఒడ్డుకొస్తాయి. ఆ మసక వెలుగులో 18-55 చతికిలబడుతుంది. అక్కడ 50 ఎం.ఎం. ఎఫ్/1.8 రాజు! బరువు గట్టిగా 160 గ్రాములు. 1975లో 'బారీ లిండన్'కు కూబ్రిక్ కొవ్వొత్తుల వెలుగు పట్టడానికి నాసా కోసం జైస్ తయారుచేసిన ఎఫ్/0.7 లెన్సు తెప్పించాడు. మనకంత అక్కర్లేదు లెండి! పైగా ఈ చిన్న లెన్సుతో మనిషి దగ్గరికి వెళ్లాల్సిందే, పలకరించాల్సిందే. నాతో వచ్చిన మిత్రుడొకడు సరుగుడు తోట నుంచి పెద్ద లెన్సు గురిపెడితే, చేపలు ఏరుతున్న పెద్దమ్మ పసిగట్టి, "ఏందబ్బయా, దొంగచాటుగా కొడతన్నావే! ఇట్టా వచ్చి అడిగితే నవ్వి నిలబడనా?" అంది. వాడు లెన్సు సంచిలో పెట్టేశాడు.

అయితే చిన్నదే కొనాలా? పులికాట్ చూడకుండా తీర్పు చెప్పకండి.

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు సరస్సు మధ్యగా పోతుంది. (2022 విభజనలో సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలో చేరింది. పక్షులకు ఆ కబురు అందలేదు!) చలికాలంలో అటూ ఇటూ ఫ్లెమింగోలు. పొట్టి లెన్సువాళ్లు ఏం చేస్తారో తెలుసా? చెప్పులు విప్పి బురదలోకి దిగుతారు. రెక్కల గులాబీ రంగు కోసం చప్పట్లు కొట్టి గుంపునంతా లేపుతారు. మనకదొక ఫోటో. తల ముంచి మేత ఏరుకుంటున్న పక్షికి మాత్రం నోటికాడి కూడు పోయినట్టే. నేలపట్టు చెరువులో గూడబాతులు గూళ్లు కట్టి పిల్లల్ని లేపే కాలంలో ఇది మరీ అన్యాయం. తల్లి లేస్తే గూట్లో పిల్ల ఎండకూ కాకులకూ వదిలేసినట్టే. రెట్టలు కలిసిన చెరువు నీళ్లు చేలకు ఎరువని అక్కడి రైతులే పక్షుల్ని కాచుకుంటుంటే, చూడవచ్చిన మనం బెదరగొట్టడమేమిటి?

మనిషికి దగ్గర లెన్సు, పక్షికి దూరపు లెన్సు. రెండింటికీ డబ్బు లేదు గనక నా ఓటు దూరపుదానికే. ఎందుకంటారా? మసక వెలుగులో ఐ.ఎస్.ఓ. పెంచి 18-55తోనే ఎలాగో నెట్టుకురావచ్చు, కాస్త గరుకుగా వస్తుంది, అంతే. పక్షి దగ్గర అలాంటి సర్దుబాటు లేదు. అలాగని కిలోన్నరది వద్దు. 55-250 కానన్‌లో 375 గ్రాములే. మన చిన్న సెన్సరు కెమెరా మీద పాత ఫిల్ము లెక్కలో 400 చూపిస్తుంది. చేతి వణుకును సర్దే ఏర్పాటు ఉన్నదే తీసుకోండి. పక్షి చిన్నదిగా వచ్చిందా, రానివ్వండి! చుట్టూ నీళ్లూ ఆకాశమూ ఉంటే అది పులికాట్ అని తెలుస్తుంది.

రాకెట్టుకు మాత్రం పెద్ద లెన్సు దండగ! రాత్రి ప్రయోగమైతే 18 దగ్గర పెట్టి, స్టాండు మీద బిగించి, షట్టర్ తెరిచి ఉంచండి. నిప్పుగీత విల్లులా వంగి సముద్రం మీదికి పోతుంది. దూరపు లెన్సులో దొరికేది ఒక నిప్పురవ్వ!

ఇంకో మాట. డేవిడ్ లీన్‌కు వరమైన ఎండమావి మనకు శాపం. పొద్దెక్కాక సరస్సు మీద గాలి వేడెక్కి అలలాడుతుంది, ఎంత ఖరీదైన లెన్సయినా పక్షిని పాకంలో ముంచినట్టే చూపిస్తుంది. ఎనిమిదిలోపే పని కానిచ్చుకుని దోసెలకు పోండి.

సెకండ్ హ్యాండు కొనేటప్పుడు టార్చి వేసి అద్దాల్లోకి చూడండి. సాలెగూడు పోగుల్లాంటివి కనిపిస్తే అది బూజు, బేరం వదిలెయ్యండి. మన ఉప్పుగాలికి కొత్తవాటికే పడుతుంది. బీరువాలో బట్టల మధ్య దాచకుండా మూత గట్టిగా పట్టే డబ్బాలో, సిలికా జెల్ పొట్లాలతో ఉంచండి. ఇసుకలో నిలబడి లెన్సు మార్చకండి. బస్సెక్కేముందే ఏది బిగించాలో తేల్చుకోండి.