ముప్పై ఆరేళ్ళకి బంగారం

"ఈ వయసులో ఇప్పుడెందుకే అవన్నీ?"

ఈ మాట నేనే అన్నాను. పెళ్ళికి ముందు ఆపేసిన సంగీతం మళ్ళీ మొదలుపెడతానని మా తోటికోడలు అంటే, బెండకాయలు తరుగుతూ తలెత్తకుండా అనేశాను. తనకి 38. "సర్లే అక్కా" అని ఊరుకుంది. అదిగో, ఆ ఊరుకోవడమే నన్ను ఇన్నాళ్ళూ ముల్లులా గుచ్చుతోంది.

మొన్న మా అబ్బాయి పాత ఒలింపిక్స్ వీడియోలు చూస్తుంటే పక్కన కూర్చున్నాను. కయాక్ పందెం. సన్నగా, పొడుగ్గా ఉండే పడవలో ఒక్కరే కూర్చుని, రెండు కొసలా రెక్కలున్న తెడ్డుతో నీటిని అటూ ఇటూ తోసుకుంటూ వెయ్యి మీటర్లు వెళ్ళాలి. మూడున్నర నిమిషాల్లో అయిపోతుంది. పొయ్యి మీద టీ మరిగేంత సేపు. అందులో గెలిచినతను నార్వే దేశస్థుడు, పేరు ఐరిక్ వెరోస్ లార్సెన్. వయసు 36 అని వినగానే తోటికోడలి ముఖం కళ్ళముందు కదిలింది.

అతని కథంతా వెతుక్కుని చదివాను. అతనికి ముందు నార్వేకే చెందిన క్నూట్ హోల్మన్ ఇదే పందెంలో 1996లోనూ, 2000లోనూ బంగారం గెలిచాడు. పెద్దకోడలు అమృతంలా వండిపెట్టిన ఇంట్లోకి రెండో కోడలు అడుగుపెడితే ఎలా ఉంటుందో మనకి చెప్పక్కర్లేదు కదా! అయినా 2004 ఏథెన్స్‌లో లార్సెన్ బంగారం తెచ్చాడు. ఇద్దరు కూర్చునే పడవలో కాంస్యం కూడా. అప్పుడతనికి 28 ఏళ్ళు.

2008 బీజింగ్‌లో బ్రిటన్‌కి చెందిన టిమ్ బ్రాబెంట్స్ ముందు వెళ్ళిపోయాడు. సుమారు ఒక్క సెకను తేడా. లార్సెన్‌కి వెండి. ప్రపంచంలో రెండోవాడు కావడం చిన్న విషయమా? కానీ ఒకసారి బంగారం గెలిచినవాడికి వెండి వస్తే లోకం దాన్ని తగ్గిపోవడం అంటుంది. క్లాసు ఫస్టు పిల్ల సెకండొస్తే మన ఇళ్ళలో పలకరింపులు ఎలా ఉంటాయో అలాగే.

32 ఏళ్ళు. రెండు ఒలింపిక్స్, మూడు పతకాలు. అక్కడితో ఆపేసినా ఎవరూ వేలెత్తి చూపరు. అతను ఆపలేదు. ఆ మూడున్నర నిమిషాల కోసం ఇంకో నాలుగేళ్ళు. 2012 లండన్‌లో మళ్ళీ బంగారం. తమాషా ఏమిటంటే, 28 ఏళ్ళప్పుడు అతనికి పట్టింది 3 నిమిషాల 25 సెకన్ల చిల్లర, 36లో పట్టింది 3 నిమిషాల 26 సెకన్ల చిల్లర. ఎనిమిదేళ్ళ వయసు తీసుకున్నది ఒక సెకను కూడా లేదు!

"అతను మగాడు, మనకి అలా కుదురుతుందా" అని మీరు అనబోతున్నారు. నేనూ అదే అనుకున్నాను. అయితే లార్సెన్ మొదటి బంగారం గెలిచిన అదే ఏథెన్స్‌లో, అదే కయాక్ పందాల్లో, జర్మనీకి చెందిన బిర్గిట్ ఫిషర్ కూడా బంగారం గెలిచింది. ఆమెకి 42 ఏళ్ళు. ఇద్దరు పిల్లల తల్లి. మొదటి బంగారం 1980లో, పద్దెనిమిదేళ్ళప్పుడు. మధ్యలో ఇరవై నాలుగేళ్ళు!

మనమందరం ఒలింపిక్స్‌కి వెళ్ళాలని కాదు నేననేది. ఆడవాళ్ళకి అడ్డుపడేది వయసు అని మనం అనుకుంటాం. నాకైతే అంతకంటే ముందు అడ్డుపడేవి రెండు కనిపిస్తున్నాయి. ఒకటి, రోజులో తనదంటూ ఒక గంట లేకపోవడం. రెండోది, "ఇప్పుడెందుకు" అనే మాట. ఆ మాట బయటివాళ్ళెవరో అనరు. అక్కలం, అత్తలం, తోటికోడళ్ళం, మనమే అంటాం. పైగా మంచి కోరి అంటున్నామనుకుంటాం.

నిన్న తనకి ఫోన్ చేశాను. "సాయంత్రాలు పిల్లల్ని మా ఇంట్లో దింపేసి క్లాసుకెళ్ళు" అన్నాను. కాసేపు అటునుంచి మాట లేదు. తర్వాత మెల్లగా, "శ్రుతిపెట్టె పాడైపోయింది అక్కా, బాగుచేయించాలి" అంది.

మీరు ఎవరితో ఆ మాట అన్నారో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ఫోన్ చేయడానికి ఇంకా ఆలస్యమేం కాలేదు.