పార్కుకు కుక్కను తీసుకెళ్తున్నారా? ‘మావాడు ఏమీ అనడు’ అంటే సరిపోదు

‘‘భయపడకండి, మావాడు ఏమీ అనడు. ఊరికే వాసన చూస్తాడంతే.’’

ఉదయం ఆరు గంటలకు కాలనీ పార్కులో నడిచే అలవాటు ఉంటే ఈ మాట మీరు వినే ఉంటారు. లేదా మీరే అని ఉంటారు. ట్రాక్ మీద ఒక లాబ్రడార్ ఉత్సాహంగా ముందుకు దూకుతుంది. ఎదురుగా వస్తున్న పెద్దావిడ చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని గడ్డిలోకి దిగిపోతారు. బెల్టు చేత్తో పట్టుకుని పది అడుగుల వెనుక వస్తున్న యజమాని నవ్వుతూ ఆ మాట చెబుతారు. నిజంగానే ఆ కుక్క ఏమీ అనదు. కానీ మర్నాటి నుంచి ఆవిడ ఆ వేళకు పార్కుకు రారు.

ఇలాంటివి నాలుగు జరిగాక గేటుకు ‘పెంపుడు జంతువులకు ప్రవేశం లేదు’ అని బోర్డు వేలాడుతుంది. అప్పుడు నష్టపోయేది రెండో పక్షం. రెండు గదుల ఫ్లాట్‌లో రోజంతా ఉండే కుక్కకు కాళ్లు చాపుకునే చోటు పోతుంది. బెల్టు వదలకుండా, సంచి మరచిపోకుండా వచ్చే యజమాని కూడా ఆ బోర్డు దగ్గరే ఆగిపోవాలి.

ఈ గొడవలో చట్టం ఎవరి వైపు ఉంది? ఎవరు ఏం చేస్తే బోర్డు దాకా వెళ్లకుండా ఉంటుంది?

అసోసియేషన్ నిషేధం పెట్టొచ్చా?

అపార్ట్‌మెంట్లు, కాలనీల విషయంలో భారత జంతు సంక్షేమ బోర్డు 2015 ఫిబ్రవరిలో మార్గదర్శకాలు ఇచ్చింది. వాటి ప్రకారం పెంపుడు జంతువులను పెంచుకోవద్దని నివాసుల సంఘాలు నిషేధించకూడదు. సర్వసభ్య సమావేశంలో మెజారిటీ ఓటు వేసినా అది కుదరదు. పార్కుల్లోకి కుక్కలను పూర్తిగా రానివ్వకపోవడం ముందుచూపు లేని పని అని బోర్డు అభిప్రాయం. తగినంత వ్యాయామం లేని కుక్క చిరాకుపడి ఎక్కువ మొరుగుతుందని, దూకుడుగా మారవచ్చని చెప్పింది. నిషేధానికి బదులు, మిగతావాళ్లకు ఇబ్బంది లేని వేళలు నిర్ణయించుకోవచ్చని సూచించింది.

అయితే ఇది చదివి ‘మాకు హక్కుంది’ అని స్క్రీన్‌షాట్ తీసి కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టేముందు మిగతా సగం కూడా చదవాలి. బహిరంగ స్థలాల్లో కుక్కను బెల్టుతో పట్టుకోవాలని, టీకాలు వేయించాలని, అది మలవిసర్జన చేస్తే శుభ్రం చేయాలని అవే మార్గదర్శకాలు యజమానులకు చెబుతున్నాయి.

నగరపాలక సంస్థ పార్కుల సంగతి వేరు. అక్కడ గేటు దగ్గరి నిబంధనలే వర్తిస్తాయి. కొన్ని పార్కుల్లో అనుమతి ఉంటుంది, కొన్నింటిలో ఉండదు. సెక్యూరిటీ గార్డుతో వాదిస్తే ఉపయోగం లేదు, అతను నియమం పెట్టినవాడు కాదు. హైదరాబాద్‌లో అయితే జీహెచ్‌ఎంసీ అర్బన్ బయోడైవర్సిటీ విభాగం పార్కులను చూస్తుంది, కుక్కలకు సంబంధించినవి వెటర్నరీ విభాగం చూస్తుంది. అడగాల్సింది అక్కడ.

ఎవరికైనా దెబ్బ తగిలితే బాధ్యత ఎవరిది?

బెల్టు మీ చేతిలో ఉంటే బాధ్యత మీదే. చేతిలో లేకపోతే ఇంకా ఎక్కువగా మీదే.

భారతీయ న్యాయ సంహితలోని 291వ సెక్షన్ ఇదే చెబుతుంది. తన దగ్గరున్న జంతువు వల్ల మనుషుల ప్రాణానికి ముప్పు గానీ, తీవ్రమైన గాయం గానీ కలగకుండా తగిన జాగ్రత్త తీసుకోకపోతే ఆరు నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. పాత ఐపీసీలో 289వ సెక్షన్‌గా ఉన్నది ఇదే. జరిమానా మాత్రం అప్పట్లో వెయ్యి రూపాయలు. ఇక్కడ గమనించాల్సింది, చట్టం కుక్క స్వభావాన్ని అడగదు, మీరు తీసుకున్న జాగ్రత్తను అడుగుతుంది. ‘ఇంతకుముందు ఎవరినీ కరవలేదు’ అనేది ఆ ప్రశ్నకు సమాధానం కాదు.

కొన్ని నగరాలు ఇంకో అడుగు ముందుకేశాయి. పెంపుడు కుక్క గానీ పిల్లి గానీ ఎవరినైనా గాయపరిస్తే యజమాని 10,000 రూపాయలు కట్టాలని, చికిత్స ఖర్చు కూడా భరించాలని నోయిడా అథారిటీ 2022 నవంబరులో నిర్ణయించింది. హైదరాబాద్‌లో పెంపుడు కుక్కకు జీహెచ్‌ఎంసీ లైసెన్సు తీసుకోవాలి. దానికి రేబిస్ టీకా వేయించిన పత్రం కావాలి. ఆ పత్రం ఫొటో ఫోన్‌లో ఉంచుకోండి. పార్కులో ఏదైనా జరిగితే అవతలివాళ్లు మొదట అడిగేది అదే.

బెల్టు ఎంత పొడవుండాలి?

నాలుగు నుంచి ఆరు అడుగులు. చాలామంది వాడే సాగే బెల్టు ఖాళీ మైదానంలో బాగానే ఉంటుంది. జనం నడిచే ట్రాక్ మీద మాత్రం అది పదిహేను అడుగులు సాగి, జాగింగ్ చేసేవాళ్ల కాళ్లకు అడ్డం పడుతుంది. కుక్క ఒక్క ఉదుటున లాగితే ఆపడమూ కష్టమే.

ఎదురుగా మనిషి వస్తుంటే కుక్కను మీకు అవతలి వైపుకు మార్చుకోండి. అంటే మనిషికీ కుక్కకూ మధ్య మీరు ఉండాలి. ఇరుకు దారి అయితే పక్కకు జరిగి, వాళ్లు దాటేదాకా ఆగండి. పక్కకు దిగాల్సింది కుక్కతో వచ్చినవాళ్లే, చీర కుచ్చిళ్లు పట్టుకున్న పెద్దావిడ కాదు.

ఇంకో కుక్క ఎదురైతే ‘ఆడుకోనిద్దాం’ అని రెండింటినీ ముఖాముఖి తీసుకెళ్లకండి. ముందు అవతలి యజమానిని అడగండి. ఆ కుక్క ముసలిది కావచ్చు, ఆపరేషన్ అయినది కావచ్చు, పిరికిది కావచ్చు. బెల్టులు బిగుసుకుని ఉన్నప్పుడు కుక్కలకు తప్పుకునే దారి ఉండదు. గొడవలు ఎక్కువగా అక్కడే మొదలవుతాయి.

పిల్లల ఆట స్థలం, ఓపెన్ జిమ్, యోగా చేసుకునే చోటు, టిఫిన్ డబ్బాలు తెరిచే బెంచీలు... వీటి దగ్గరికి బెల్టు ఉన్నా తీసుకెళ్లకపోవడం మంచిది.

ఇంకొక్క మాట. భయం లేనివాళ్లు కూడా కుక్క తమను తాకకూడదని కోరుకోవచ్చు. నడక ముగించి అటునుంచి అటే గుడికి వెళ్లేవాళ్లుంటారు. నమాజుకు వెళ్లేవాళ్లుంటారు. కుక్క చొంగ బట్టలకు అంటితే వాళ్లు ఇంటికెళ్లి మార్చుకోవాలి. ‘నాకడమే కదా’ అని మీకు అనిపించేది వాళ్లకు చిన్న విషయం కాదు.

‘మట్టిలో కలిసి ఎరువైపోతుంది’ నిజమేనా?

కాదు. ఆవు పేడతో దీన్ని పోల్చకూడదు. కుక్క మలంలో ఏలికపాములు, కొంకి పురుగుల గుడ్లు ఉండవచ్చు. ఏలికపాము గుడ్లు తాజా మలంలో ఉన్నప్పుడు మనిషికి అంటుకోవు. మట్టిలో రెండు నుంచి నాలుగు వారాలు గడిచాక అవి ప్రమాదకరంగా మారతాయి, ఆపై నెలల తరబడి బతికే ఉంటాయి. అంటే మలం ఎండి, కంటికి కనబడకుండా పోయాకే ముప్పు మొదలవుతుంది. ఇసుకలో ఆడి, చేతులు నోట్లో పెట్టుకునే చిన్నపిల్లలకే ఇది ఎక్కువ. కొంకి పురుగు పిల్లలైతే ఒట్టి కాళ్లతో నడిచేవాళ్ల చర్మం గుండానే లోపలికి వెళ్లగలవు.

ఎండుటాకులు కప్పేసి వెళ్లిపోయేవాళ్లూ ఉన్నారు. ఆ ఆకులను తెల్లారి ఊడ్చి, చేతులతో బుట్టలోకి ఎత్తేది పారిశుద్ధ్య కార్మికులు. చాలామందికి చేతి తొడుగులు కూడా ఉండవు. మీరు కప్పిన దాన్ని వాళ్లు తాకుతారు.

పరిష్కారం పెద్ద ఖర్చేమీ కాదు. పాత న్యూస్ పేపరు ముక్కలు, ఒక సంచి జేబులో పెట్టుకుంటే చాలు. ఎత్తి, ముడి వేసి, చెత్త డబ్బాలో వేయాలి. డబ్బా లేకపోతే ఇంటికి తెచ్చుకోవాలి. ఎత్తిన సంచిని ముడి వేసి చెట్టు మొదట్లో వదిలేస్తే ఎత్తనట్టే లెక్క. రెండు సంచులు ఉంచుకోండి, రెండోది అవసరం పడే రోజు తప్పకుండా వస్తుంది.

మీ కుక్కకూ కొన్ని జాగ్రత్తలు

టీకాల కోర్సు పూర్తికాని కుక్కపిల్లను పార్కులో కింద వదలొద్దు. పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి ఉండగలదు, కుక్కపిల్లల ప్రాణం తీస్తుంది. గడ్డిలో తిరిగి వచ్చాక చెవుల వెనుక, వేళ్ల సందుల్లో పిడుదులు ఉన్నాయేమో చూడండి. ఎండాకాలంలో సిమెంటు దారి మీద మీ అరచేతి వెనుక భాగాన్ని ఐదారు సెకన్లు ఆనించి చూడండి. మీరు ఓర్చుకోలేకపోతే దాని పాదాలూ ఓర్చుకోలేవు.

వన్యప్రాణులు ఉండే చోట్లకు మాత్రం కుక్కను అసలే తీసుకెళ్లొద్దు. బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ మధ్య ఉన్న కేబీఆర్ పార్కు పేరుకు పార్కే అయినా 1998 నుంచి జాతీయ పార్కు. నెమళ్లు ఉండే అడవి అది. కుక్క తరమకపోయినా దాని వాసనకే పక్షులు, చిన్న జంతువులు చోటు వదిలేస్తాయి. జబ్బుల ముప్పు సరేసరి. 2018లో గుజరాత్‌లోని గిర్‌లో సింహాలు వరుసగా చనిపోయినప్పుడు పరీక్షల్లో బయటపడినవాటిలో ఒకటి కెనైన్ డిస్టెంపర్ వైరస్. పేరులోనే ఉన్నట్టు, అది కుక్కల్లో కనిపించే జబ్బు.

కుక్కను బెల్టు లేకుండా పరుగెత్తించాలంటే దానికోసమే కట్టిన చోట్లు ఉన్నాయి. ఒకప్పుడు చెత్త పోసిన స్థలాన్ని బాగుచేసి, కొండాపూర్‌లో సుమారు 1.3 ఎకరాల్లో జీహెచ్‌ఎంసీ 2018లో డాగ్ పార్కు తెరిచింది. కోటి జనాభా నగరానికి ఇలాంటివి ఎన్ని కావాలన్నది మీ కార్పొరేటర్‌ను అడగదగ్గ ప్రశ్న.

కుక్క లేనివాళ్లు ఏం చేయాలి?

భయపడటం తప్పు కాదు. ‘దయచేసి దగ్గరికి పట్టుకోండి’ అని అడగడం మీ హక్కు. అరవడం, కర్ర ఊపడం, పరుగెత్తడం మాత్రం కుక్కను ఇంకా రెచ్చగొడతాయి. అది మీ వైపు వస్తే ఆగి, చేతులు పక్కన పెట్టుకుని, కళ్లలోకి చూడకుండా నిలబడండి.

పిల్లలకు ఒక నియమం నేర్పండి: ముందు యజమానిని అడగాలి, ఆయన సరేనంటేనే ముట్టుకోవాలి. తినేటప్పుడు, పడుకున్నప్పుడు ఏ కుక్కనూ కదిలించకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం, రేబిస్ అనుమానం ఉన్న జంతువులు కరిచినవాళ్లలో 40 శాతం మంది 15 ఏళ్లలోపు పిల్లలే.

కరిస్తే?

వాదన తర్వాత, ముందు నీళ్లు. గాయాన్ని పారే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. కారం, సున్నం, పసుపు, కాఫీపొడి ఏవీ పూయకూడదు. అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. పెంపుడు కుక్కే, టీకా వేయించారు అని మీకు మీరే నిర్ణయించుకుని మానేయొద్దు. టీకా కావాలా వద్దా అన్నది డాక్టరు చెప్పాలి. రక్తం వచ్చిన గాయాలకు టీకాతో పాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా అవసరం పడుతుంది. రేబిస్ లక్షణాలు కనిపించాక ప్రాణం దక్కడం దాదాపు అసాధ్యం.

యజమాని అయితే అక్కడి నుంచి జారుకోకండి. ఫోన్ నంబరు ఇవ్వండి, టీకా పత్రం చూపించండి, ఆసుపత్రికి తోడు వెళ్లండి. పోలీస్ స్టేషన్ దాకా వెళ్లే గొడవలు ఎన్నో ఈ మూడు పనులతో ఆగిపోతాయి.

సుప్రీంకోర్టు ఆదేశాలు వీటికి వర్తిస్తాయా?

2025 ఆగస్టు, నవంబరు నెలల్లో వచ్చిన ఉత్తర్వులు వీధి కుక్కల గురించి. విద్యాసంస్థలు, ఆసుపత్రులు, క్రీడా ప్రాంగణాలు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల నుంచి వాటిని తరలించాలని నవంబరు 7న కోర్టు చెప్పింది. మీరు బెల్టుతో నడిపించే పెంపుడు కుక్కకు దీనితో సంబంధం లేదు. ‘కోర్టే నిషేధించింది’ అని ఎవరైనా అంటే అది పొరపాటు. అయితే వీధి కుక్కలకు ఎక్కడపడితే అక్కడ తిండి పెట్టొద్దని, కేటాయించిన చోట్లలోనే పెట్టాలని ఆగస్టు 22 ఉత్తర్వు చెప్పింది. పార్కుకు బిస్కెట్ ప్యాకెట్లతో వచ్చేవాళ్లు దీన్ని గుర్తుంచుకోవాలి.

చివరికి తేలేది

మీ కాలనీలో ఈ గొడవ నడుస్తుంటే బోర్డు పెట్టేముందు ఒకసారి కూర్చుని మాట్లాడుకోండి. పెద్దలు ఎక్కువగా నడిచే వేళ ఏది, పిల్లలు ఆడే వేళ ఏది, కుక్కలకు ఏ వేళ, ఏ మూల కేటాయించవచ్చు అన్నది ఒక కాగితం మీద రాసుకోండి. ఒక నెల ప్రయత్నించి చూడండి. చెత్త డబ్బా ఒకటి అదనంగా పెట్టించండి.

నియమాలు ఎన్ని రాసుకున్నా, అవి నిలబడేది యజమాని ప్రవర్తన మీదే. మీ కుక్క మంచిదని మీకు తెలుసు. ఎదురుగా వచ్చేవాళ్లకు తెలియదు, తెలుసుకోవాల్సిన అవసరమూ వాళ్లకు లేదు. కాబట్టి రేపు ఉదయం ఎవరైనా ఎదురై ఆగిపోతే, ‘మావాడు ఏమీ అనడు’ అనకండి. బెల్టు దగ్గరికి లాక్కుని, పక్కకు జరిగి, ‘మీరు వెళ్లండమ్మా’ అనండి. ఆవిడ ఎల్లుండి కూడా పార్కుకు వస్తారు. మీ కుక్క కూడా వస్తుంది.