ఏమి అడగాలి?

పలనాటి యుద్ధం నిజంగా జరిగిందా, లేక కథేనా? నరసరావుపేటలో నేను పాఠం చెప్పిన ఇన్నేళ్లలో ఈ ప్రశ్న అడగని తరగతి లేదు. క్రీ.శ. 12వ శతాబ్దిలో దాయాదుల నడుమ పోరు జరిగిందని చరిత్రకారులు చెబుతారు. నేను "జరిగింది" అనగానే విద్యార్థులు తృప్తిపడి మరొక విషయానికి వెళ్లిపోతారు. జవాబు దొరికింది కనుక ఆలోచన అక్కడితో ఆగిపోతుంది. ముందే ఊహించిన దానిని నిరూపించదలచిన వానికి ఇటువంటి ప్రశ్న సరిపోవచ్చును. ఇంకా ఎవరూ సరిగా చూడని విషయంలోకి తొలి అడుగు వేసే అన్వేషణాత్మక పరిశోధనకు మాత్రం ఇది చాలదని నా అభిప్రాయం. అవును, కాదు అన్న రెండు మాటలలో ఒదిగిపోయే ప్రశ్న, మనకు తెలియని సంగతిని లోపలికి రానివ్వదు.

ఈ మాటను కొంత సిగ్గుతోనే చెబుతున్నాను. ప్రాచీన సాహిత్యంలో పరిశోధన చేస్తున్న రోజులలో వీరుల ఉత్సవానికి కారెంపూడి వెళ్లాను. కార్తిక అమావాస్యనాడు మొదలై ఐదు రోజులు సాగే ఉత్సవమది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఆ దినాలకు పేర్లు. తరతరాలుగా ఆ గాథను గానం చేస్తున్న వీరవిద్యావంతులలో ఒక వృద్ధుని కలుసుకొన్నాను. చేతిలోని అచ్చుపుస్తకం చూపి, "ఇందులో ఉన్న కథ సరియైనదా, మీరు పాడే కథ సరియైనదా?" అని అడిగాను. ఆయన పుస్తకం వంక, నా వంక చూసి, "చదువుకున్నోళ్లు, మీదే సరి బాబూ" అన్నాడు. ఆయన మర్యాదను నేను సమాధానమనుకొని రాసుకొని వచ్చేశాను! ఆ కథను ఎవరి దగ్గర నేర్చుకొన్నారు, ఏ ఘట్టాన్ని ఏ రోజు పాడతారు, ఎవరి ముందు ఏ భాగాన్ని విడిచిపెడతారు అన్నవి నాకు తోచనే లేదు. అవి తోచి, కొన్నేళ్ల తరువాత నేను తిరిగి వెళ్లేసరికి ఆ వృద్ధుడు కాలం చేశాడు. నా సిద్ధాంత గ్రంథానికి పట్టా వచ్చింది కాని, ఆ పుట ఇప్పటికీ ఖాళీగానే ఉన్నది.

ఇదే గాథను ఇద్దరు పరిశోధకులు ఎట్లా సమీపించారో చూడండి. అక్కిరాజు ఉమాకాంతంగారు 1911లో శ్రీనాథుని పేరిట ఉన్న ద్విపద 'పల్నాటి వీరచరిత్ర'ను పరిష్కరించి ప్రకటించారు. ఆయన శ్రద్ధ అంతా గ్రంథపాఠం మీద ఉన్నది. ఆ శ్రమను తక్కువ చేయరాదు. ఆ కావ్యం మనకు దక్కింది ఆ శ్రమ వల్లనే. అటుపిమ్మట అమెరికా దేశీయుడైన జీన్ రోఘేర్ ఈ సీమకు వచ్చి, అలిశెట్టి గాలెయ్య అనే గాయకుడు పాడిన కథను నమోదు చేసి, ఆంగ్లానువాదంతో, విపులమైన అధ్యయనంతో 1982లో గ్రంథంగా వెలువరించాడు. ఎవరు పాడుతున్నారు, వింటున్న వారికి ఈ వీరులు ఏమవుతారు అన్న వైపునకు ఆయన చూపు మళ్లింది. కథ ఒకటే అయినా బయటపడిన సంగతులు వేరు.

మాచర్ల సమీపంలోని నాగార్జునకొండ విషయంలోనూ ఇటువంటిదే జరిగింది. 1927-31 నడుమ లాంగ్‌హర్‌స్ట్ జరిపిన తవ్వకాలలో ప్రధానంగా బౌద్ధ స్తూపాలు, విహారాలు వెలుగు చూశాయి. సాగర్ జలాశయంలో ఆ లోయ మునిగిపోనున్నదని తెలిసిన తరువాత 1954 నుండి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం నేతృత్వంలో మళ్లీ తవ్వారు. ఈసారి బౌద్ధ కట్టడాలతో ఆగక, లోయ మొత్తంలో ఏయే కాలాలవారు ఎట్లా బ్రతికారని వెదికారు. రాతియుగపు పనిముట్లు, ఇక్ష్వాకుల కోట, స్నానఘట్టం, మెట్లతో కూడిన క్రీడారంగం, హైందవ దేవాలయాలు బయటపడ్డాయి. మనుషులు, ధనం అధికంగా సమకూరిన మాట నిజమే. అయినా స్తూపాల కొరకే వెదికితే రాతి గొడ్డలిని చూసే కన్ను ఉంటుందా?

ఇక మీ ప్రాజెక్టుల సంగతి. "కోటప్పకొండ తిరునాళ్ల ప్రాశస్త్యము" అన్న శీర్షికతో ఏటా నా బల్లమీదికి ఒకే వ్యాసం పదిమంది చేతివ్రాతలలో వస్తుంది. తప్పు విద్యార్థులది మాత్రమే కాదు; ప్రాశస్త్యం రాయమంటే పొగడ్త తప్ప ఏమి వస్తుంది? అందుకే ఒక ఏడు శీర్షిక ఇవ్వడం మానివేశాను. శివరాత్రికి మీ ఊరి నుండి కొండకు వెళ్లే ప్రభను ఎవరు కడతారు, ఎత్తును ఎవరు నిర్ణయిస్తారు, ఖర్చు ఎట్లా పంచుకొంటారు, విద్యుద్దీపాలు రాకముందు దానిని దేనితో అలంకరించేవారు అని అడిగి రమ్మన్నాను. "ఎందుకు" అన్న ప్రశ్నను చివర అడగమన్నాను. ముందే అడిగితే పెద్దలు పురాణం చెప్పి పంపిస్తారు.

వారిలో ఒక కుర్రవాడు రెండు పుటలే తెచ్చాడు. ప్రభ కట్టే పెద్దాయన అతని ప్రశ్నలన్నీ విని, "కట్టిన ఏళ్ల సంగతే అడుగుతున్నావు, కట్టని ఏళ్లు కూడా ఉన్నయ్యి, అవి అడగవేంరా అబ్బాయ్?" అన్నాడట. ఏమి చేయమంటారు మాస్టారూ అని అతడు నన్ను అడిగాడు. రాసుకొన్న ప్రశ్నలన్నీ కొట్టివేసి మళ్లీ వెళ్లమన్నాను. ఆదివారం సైకిలు మీద వెళ్లాడు.